ఎక్కుట – ఎక్కించుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రయో, పఠనము వలని ప్రయోజనములో ప్రసంగాంశములగుట పరిపాటి. నేటి ప్రసంగమునకు ఒకే యొక మాట విషయము. అది నిఘంటువులు తిరుగవేసి వెదకి తేవలసినంత అరుదైన మాట కాదు. మాటలు వచ్చిన పసివాడు మొదలుకొని పండుముదుసలి వరకు దినమునకు పలుమార్లు పలుకునట్టిది. అది 'ఎక్కు' అను క్రియాపదము.

తెలుగు దేశమున ఈ క్రియకు తిరుపతి సీమకంటె తగిన చోటు లేదు. ఇచ్చట 'కొండ' యనగా ఏ కొండ యని ఎవ్వరును అడుగరు. "కొండెక్కి వచ్చినారా?" యను ప్రశ్నకు దర్శనమైనదా యనియే యర్థము. శేషాద్రి మొదలు వేంకటాద్రి వరకు కొండలు ఏడైనను, ఎక్కువారికి మాత్రము అది ఒక్క కొండయే. అలిపిరి నుండి సుమారు 3550 మెట్లు. చంద్రగిరి వైపున శ్రీనివాసమంగాపురము చేరువ నుండి పోవు శ్రీవారి మెట్టు దారిలో సుమారు 2388 మెట్లు. అలిపిరి దారిలో మోకాళ్ళ మెట్టు కడ నిట్టనిలువుగా ఎక్కవలసి వచ్చును. అచ్చట ఎంతటి దృఢకాయునికైనను అరచేయి తనంతట తానే మోకాటిపైకి పోవును. పవిత్రమైన ఆ కొండపై పాదము మోపుటకు వెనుదీసి శ్రీ రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని ఐతిహ్యము.

1944వ సంవత్సరమున మొదటి ఘాటు రోడ్డు ఏర్పడువరకు కొండ యెక్కుటకు కాలినడకయో, డోలీయో తప్ప వేరు సాధనము లేదు. 1974లో రెండవ రోడ్డు వచ్చెను. ఇప్పుడు క్రొత్త దారి ఎక్కు బండ్లకును, పాత దారి దిగు బండ్లకును ఉపయోగపడుచున్నవి. మెట్లన్నియు నడచినవాడును కొండ యెక్కెననియే చెప్పుదురు. బస్సులో కునుకు తీసి పైన కనులు తెరచినవాడును కొండ యెక్కెననియే చెప్పుదురు. పూర్వము డోలీలో కూర్చున్న యాత్రికుడు డోలీ నెక్కెను, దానితోపాటు కొండయు నెక్కెను. దానిని భుజమున మోసిన బోయీలు కొండను మాత్రమే ఎక్కిరి. మాట ఒక్కటియే. చెమట యెవరిది యను సంగతి మాటలో లేదు. అది వాక్యమును విప్పి చూచినగాని తెలియదు.

కనుక ఈ మాట విషయమున అడుగవలసిన ప్రశ్న ఒక్కటి: ఎక్కుచున్నది ఎవరు? నిఘంటువులు ఈ ప్రశ్న జోలికి అంతగా పోవు. కడప సీమలో కొలువు చేసి తెలుగు నేర్చిన బ్రౌనుదొర నిఘంటువు 1852లో వెలువడెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. అర్థములను వరుసగా పేర్చి చూపుట నిఘంటువు పని. ఒక మాట వాక్యములో ఎవరి ప్రక్కన కూర్చుండునో, ఎవరిపై కూర్చుండునో తెలిసికొనుటకు రచ్చబండ కడ జరుగు సంభాషణ వినవలెను.

ముందుగా ఇంగ్లీషు చదువుకొను బాలుని కష్టము చూడవచ్చును. 'ఎక్కు' అనగా 'క్లైంబ్' అని వాడు బడిలో నేర్చుకొనును. "బస్సు ఎక్కినాను" అనుటకు "ఐ క్లైంబ్డ్ ది బస్" అని వ్రాయును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. ఇంగ్లీషువాడు చెట్టునకు 'క్లైంబ్' అనును, గుఱ్ఱమునకు 'మౌంట్' అనును, ఓడకు 'బోర్డ్' అనును, బస్సుకు 'గెట్ ఆన్' అనును, కారునకు 'గెట్ ఇన్' అనును. తెలుగువానికి ఇవి యన్నియు ఎక్కుటయే. దీనికి విపర్యయముగా ఇంగ్లీషున 'రైజ్' అను మాట ఒక్కటి యుండగా, తెలుగున నిద్రనుండి మనిషి లేచును, పొద్దు పొడుచును, పిండి పొంగును, ధర పెరుగును, ఏటిలో నీరు హెచ్చును. ఇందువలన ఏ భాషయు పేదది కాదు. ఒక్కొక్క భాష ఒక్కొక్క చోట గీత గీసికొనును, అంతియే. పొడిచిన పొద్దు పిమ్మట తెలుగున 'ఎక్కును'. "బారెడు పొద్దెక్కింది, ఇంకా మడక కట్టలేదా?" అని రైతు కొడుకును మందలించునప్పుడు ఆకాశమే ఆయనకు గడియారము.

ఇక ఈ క్రియ వాక్యములో కూర్చుండు తీరులు ముఖ్యముగా మూడు.

మొదటి తీరులో మనిషి కర్త. వాడు కొండ ఎక్కినాడు, చెట్టు ఎక్కినాడు, బండి ఎక్కినాడు, మిద్దె ఎక్కినాడు. వాడుకలో ఆ కొండకు, ఆ చెట్టునకు, ఆ బండికి ప్రత్యయమేదియు చేరదు. కాళ్ళు వానివి, ఆయాసము వానిది. ఈ తీరే కొంత సాగి, పెండ్లిపీట లెక్కుట, గద్దె నెక్కుట, కోర్టు మెట్లెక్కుట యను పలుకుబడులైనది. భూమి కాగితముల కొఱకు కచేరీల చుట్టు తిరుగువాని పాట్లను "ఎక్కే గడప, దిగే గడప" యని నాలుగు మాటలలో చెప్పుదురు. అంతకంటె వివరముగా చెప్పుటకు దరఖాస్తు వ్రాసినను చాలదు.

రెండవ తీరులో 'కు' అను ప్రత్యయము వచ్చి చేరును. తగాదా రచ్చకెక్కును. పేరు వాసికెక్కును. వార్త పత్రికల కెక్కును. బాకీ పద్దుకెక్కును. చదువు తలకెక్కును. ఇచ్చట కర్త మనిషి కాదు, ఒక సంగతి. అది ఎక్కడనో క్రింద నుండి బయలుదేరి, పదిమంది చూచునట్టి యొక ఎత్తైన చోటికి చేరి, అచ్చట కుదురుకొనుచున్నది.

మూడవ తీరు మిక్కిలి విచిత్రమైనది. వానికి పిచ్చెక్కినది. కాలికి తిమ్మిరెక్కినది. కల్లు త్రాగినవానికి కైపెక్కినది. పాము కరచినవానికి విషమెక్కినది. పనిలేని కోడెకు కొవ్వెక్కినది. ఇచ్చట మనిషి ఎక్కువాడు కాడు, ఎక్కబడువాడు. మొదటి తీరులో కొండ యున్న చోట ఇప్పుడు మనిషి యున్నాడు. ఆతని కాళ్ళతో పని లేదు, ఇష్టముతో పని లేదు. అది యెక్కుచున్నది, ఈతడు మోయుచున్నాడు. త్రాగుబోతు కల్లు దుకాణపు మెట్టెక్కుట మొదటి తీరు. వానికి కైపెక్కుట మూడవ తీరు. ఆ యింటి కలహము రచ్చకెక్కుట రెండవ తీరు. మూడును ఒక్క సాయంకాలమున జరిగిపోవును.

ఈ మూడు తీరులకును గల భేదము 'దిగు' అను ఎదురు మాటను ప్రక్కన నిలిపినచో మరింత స్పష్టమగును. మొదటి తీరునకు దిగుట తప్పక కలదు. కొండ యెక్కినవాడు దిగును, బండి యెక్కినవాడు దిగును, గద్దె యెక్కినవాడు దిగును. మూడవ తీరునకును చాలవరకు దిగుట కలదు. మత్తు దిగును, కైపు దిగును, మందు పడినచో విషము దిగును. పొగరు తలకెక్కినను, దానిని కాలమే దించును. కాని రెండవ తీరున పొగరు వంటివి తప్ప తక్కినవి దిగుట యను మాటయే తెలుగున వినబడదు. రచ్చకెక్కిన తగాదా సమసిపోవచ్చును గాని, రచ్చనుండి దిగినదని ఎవ్వరు ననరు. వాసికెక్కిన పేరు మాసిపోవచ్చును గాని, దిగదు. తలకెక్కిన చదువు దిగినదని చెప్పు తల్లి లేదు. పదిమంది నడుమకు ఎక్కినది ఏదైనను తిరిగి దిగుటకు మెట్లు లేవని భాషయే నిర్ణయించినట్లున్నది. కావుననే ఇంటి మాటను రచ్చకెక్కింపవలదని పెద్దలు హెచ్చరింతురు.

ఎక్కినది దిగలేదనుటకు ఈ సీమలోనే గొప్ప నిదర్శన మొకటి కలదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) బాలుడై యుండగనే కొండ యెక్కెనని ఆయన చరిత్ర చెప్పును. అది మొదటి తీరు ఎక్కుట. ఆయన జీవితాంతము పాడిన సంకీర్తనలు, ఆయన కుమార మనుమల రచనలు వేలకొలదిగా రాగిరేకుల కెక్కెను. అది రెండవ తీరు. ఆ రేకులు ఆలయములోని సంకీర్తన భాండాగారమున చిరకాలము మరుగుపడి యుండెను. పాడువారు లేకపోయిరి, వినువారు లేకపోయిరి. అయినను రేకుల కెక్కినది దిగిపోలేదు. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన పండితులు ఆ రేకులను చదివి, పరిష్కరించి, లోకమునకు అందించిరి. రాళ్ళపల్లివారు పలు కీర్తనలకు స్వరములు కూర్చిరి. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు ఏడు పర్యాయములు తిరుమల కొండ యెక్కి స్వామిని సేవించెను. ఏడు పర్యాయములును దిగి పోయెను. ఆయన యిచ్చిన కానుకల లెక్క శాసనముల కెక్కెను. అది నేటికిని దిగలేదు.

ఇట్లు మూడు తీరులు నిలుకడగా కనబడుచుండగా, ఏ తీరునకును లొంగని ప్రయోగ మొకటి తెలుగువారి యింటింట కలదు. అది "దీపం కొండెక్కింది" అనునది. దీపము ఆరిపోయినదని నోట పలుకుట అశుభమని తలచి, ఇల్లాలు ఆ మాట అనును. వాక్యము చూడగా మొదటి తీరుది. దీపమే కర్త, కొండకు ప్రత్యయము లేదు. అనగా దీపమునకు కాళ్ళు వచ్చినవి. అది యొక యాత్రికుడైనది. చీకటిలో కలిసిపోయినదని చెప్పక, స్వామి యున్న చోటికి వెళ్ళినదని చెప్పుచున్నారు. కొండల నడుమ నున్న తిరుపతివారే గాక, కనుచూపు మేర కొండ కానరాని కోనసీమవారును ఈ మాట అందురు. అచ్చటి దీపమునకును ఎక్కుటకొక కొండ కలదు.

లేమిని నిండు మాటతో చెప్పుట తెలుగు గృహిణులకు అలవాటు. బియ్యము అయిపోయిన నాడు "బియ్యం నిండుకున్నాయి" అందురు. మంగళసూత్రపు త్రాడు తెగినచో "పెరిగింది" అందురు. కుండ ఖాళీయైనదని వారెరుగక కాదు. అప్పు బియ్యమునకు పొరుగింటికి పోవునదియు వారే. దుఃఖమును దాచుట వేరు, దుఃఖమునకు గౌరవ మిచ్చుట వేరు. ఈ మాటలు రెండవ కోవకు చెందినవి.

పొరుగు భాషలవారికిని ఈ భావము క్రొత్త కాదు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా మొదటినుండియు మూడు భాషల కూడలి. 2022లో తిరుపతి వేరు జిల్లా యైన తరువాతను అంగళ్ళలో ఆ కూడలి విడిపోలేదు. నగరి, పుత్తూరు ప్రాంతములలో అరవము వినబడును. కుప్పము, పలమనేరు ప్రాంతములలో అరవముతోపాటు కన్నడమును వినబడును. అరవమున ఎక్కుటకు 'ఏఱు' అందురు, కొండ 'మలై'. పూనకము వచ్చినవాని ఒడలినుండి దేవత వీడిపోయినప్పుడు, స్వామి 'మలై యేఱినాడు' అందురు. గడచిపోయిన కాలమును గూర్చియు ఆ కాలము 'మలై యేఱిపోయిన'దందురు. తెలుగున దీపము వెళ్ళిన దారినే అరవమున దేవతయు, కాలమును వెళ్ళుచున్నవి.

అదే 'కొండెక్కు' మాటను నేడు ధరలకును వాడుచున్నారు. కందిపప్పు ధర కొండెక్కినదనగా చేతి కందనంత ఎత్తునకు పోయినదని యర్థము. దీపము విషయమున ఆ యెత్తు పవిత్రము. ధర విషయమున ఆ యెత్తు భారము. ధరలు ఒకప్పుడు దిగివచ్చుటయు కలదు. కాని కొండెక్కిన దీపము దిగి వచ్చినదని ఏ ఇల్లాలును అనదు. మరల వెలిగించితి ననియే అనును. యాత్రికులందరిలోను దిగిరాని యాత్రికుడు దీప మొక్కటియే.

విద్యుద్దీపమునకు ఈ మర్యాద దక్కలేదు. "కరెంటు పోయింది" అందురు, "లైటు ఆపు" అందురు. బల్బు కొండెక్కినదని ఎవ్వరు ననరు. నూనె దీపము పూజామందిరమునకే పరిమితమైన యిండ్లలో పిల్లలు ఈ మాట వినుటయు అరుదగుచున్నది. ఒక మాట పోవుటకు శత్రువు లక్కరలేదు. దానిని పలుకవలసిన సందర్భము పోయిన చాలును.

ఇక గ్రంథాలయమునకు సన్నిహితమైన ప్రయోగము కడకు వచ్చుట యుక్తము. "వీడి తలకు చదువెక్కదు" అను మాట పల్లెలలో ఎన్ని యిండ్ల వినబడలేదు? అరవమువారును చదువు తలలోనికి ఎక్కలేదనియే అందురు. కన్నడమువారును 'హత్తు' అను తమ క్రియతో అటులనే అందురు. మూడు భాషలును చదువును క్రిందినుండి పైకి ఎక్కవలసినదిగానే చూచుచున్నవి. ఆ వాక్యమును విప్పి చూడవలెను. అందు కర్త బాలుడు కాడు, చదువు. ఎక్కనిది చదువు, నింద మాత్రము బాలునికి. వాని తల ఒక ఎత్తైన చోటని భాష చెప్పుచుండగా, ఆ తల మొద్దని పెద్దలు తీర్మానించుచున్నారు. ఆ తీర్మానము వెలువడిన మరునాడు వాడు గొఱ్ఱెల వెంట పోవును. ఆడుపిల్ల యైనచో పొయ్యి కడకు పోవును. ఒక్క మాటతో ఒక జీవితపు దారి మరలిపోవును.

మిట్టమడి గల రైతు ఇట్లు తీర్మానింపడు. "మిట్టమడికి నీరెక్కదు" అను మాట అతడును అనును. కాని అంతటితో ఆ మడిని బీడు పెట్టి పోడు. పల్లములో నున్న గుంట నీటిని ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలిచి గూడ వేసి పైకి చల్లుదురు. బావిలోని నీటిని ఏతముతో తోడుదురు. పూర్వము ఎడ్లను కట్టి, తోలుబానతో కపిల తోలిరి. నేడు మోటారు మీట నొక్కుచున్నారు. నీరు తనంతట ఎక్కదు గనుక ఎక్కింపవలెనని ఎరుగుటయే సేద్యము. ఎక్కని నీటికి ఇన్ని ఉపాయములు కనిపెట్టిన గ్రామము, ఎక్కని చదువునకు ఒక్క ఉపాయమైనను కనిపెట్టకపోవుట న్యాయమా?

తెలుగున 'ఎక్కదు' అను మాటకు ప్రక్కనే 'ఎక్కించు' అను మాట కలదు. సూదికి దారము ఎక్కింతురు. రక్తము చాలని రోగికి రక్తము ఎక్కింతురు. ఓటర్ల పట్టికలో పేరు ఎక్కింతురు. వింటికి నారి యెక్కించుటయే 'ఎక్కుపెట్టుట'. జనకుని సభలో శ్రీరాముడు చేసిన పని యది. ఈ ఎక్కించుటలో ఒక అపాయమును కలదు. మునగచెట్టు ఎక్కించుట యనగా ముఖస్తుతి చేసి పొంగించుట. మునగకొమ్మ పెళుసు, ఎక్కినవాడు కొమ్మతోపాటు క్రిందపడును. చదువుకొను పిల్లలను పొగడి మునగచెట్టు ఎక్కించుట ఒక పని, చేయి పట్టి మెట్టెక్కించుట వేరొక పని. రెండవదానికి కాలము పట్టును, ఓర్పు కావలెను.

గ్రామ గ్రంథాలయము చేయుచున్నది ఆ రెండవ పనియే. తెలుగు దేశమున గ్రంథాలయ సేవకులు 1914లో బెజవాడలో మొదటి మహాసభ జరుపుకొన్న నాటినుండి ఈ యుద్యమము లక్ష్యము అదియే. బడిలో ఒక పాఠము ఒక దినమున చెప్పి ముగింతురు. ఎక్కనివానికి మరునాడు వేరొక పాఠము ఎదురగును. గ్రంథాలయములో అట్టి నిర్బంధము లేదు. ఒకే పుస్తకమును ఒకడు ఒక రాత్రిలో ముగించును, మరియొకడు నెల దినములు ఉంచుకొని మరల పొడిగింపించుకొనును. అలిపిరి దారిలోను ఇంతే. వడివడిగా పోవువాడు పోవును. గాలిగోపురము కడ కూర్చుండి దప్పి తీర్చుకొనువాడు తీర్చుకొనును. ఆలస్యముగా వచ్చినవానికి స్వామి ముఖము చాటు చేయడు.

చదువురానివారి కొఱకు ఒకరు బిగ్గరగా పత్రిక చదువుచుండగా పదిమంది చుట్టు కూర్చుండి వినుట గ్రామ గ్రంథాలయముల పాత యాచారము. అది గూడ వేయుట వంటిది. ఇద్దరు పూనుకొన్నచో పల్లపు నీరు మిట్టకు పోవును. ఆ యాచారము ఆగిన చోట మరల ఆరంభించుటకు ధనవ్యయ మేమియు లేదు. సాయంకాలము ఒక గంట సమయమును, ఒక కంఠమును చాలును. ముదుసలులు పలుకు మాటలను, సామెతలను, పని పేర్లను విని ఒక పుస్తకమున వ్రాసి బీరువాలో ఉంచుట సభ్యులు చేయదగిన మరియొక పని. కపిలకు, మడకకు, గానుగకు సంబంధించిన మాట లెన్నియో ఆ పనులతోపాటు మరుగగుచున్నవి. పుస్తకమున కెక్కిన మాట, రాగిరేకుల కెక్కిన కీర్తనవలె, పలుకువారు లేకపోయినను కాచుకొని యుండును; ఏనాడో ఒకడు వచ్చి చదువును.

ఇకమీదట ఏ తండ్రియైనను "మావాడి తలకు చదువెక్కదు" అని ఈ గ్రంథాలయపు అరుగుపై అన్నచో, అచ్చట నున్న సభ్యులు "ఎక్కకపోతే ఎక్కిద్దాం, రేపు సాయంత్రం పంపించు" అని బదులు చెప్పుదురు గాక.  ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుచు, మెట్టు మెట్టుగా వృద్ధి పొందుగాక.